పండోరా పెట్టె, పీర్ మహమ్మద్ తాళంచెవి

పీర్ మహమ్మద్ సారు మొలతాడుకు ఒక తాళంచెవి ఉండేది. ఎనిమిదేళ్ళు ఉంది. స్నానం చేసినా, నమాజుకు పోయినా, బావమరిది పెళ్ళిలో కొత్త లాల్చీ తొడుక్కున్నా అది ఆయన నడుమును వదల్లేదు. కూర్చుంటే ఒక చప్పుడు, లేస్తే ఒక చప్పుడు. సారు బడికి ఇంకా ఎంత దూరంలో ఉన్నాడో నడిమిగుట్ట పిల్లలు ఆ చప్పుడును బట్టే చెప్పేవారు. ఆయన భార్య హనీఫా మాత్రం ఇంటికి వచ్చినవాళ్ళందరి దగ్గరా ఒకటే మాట అనేది.

"ముప్పై ఏండ్ల సంది కాపురం జేస్తున్న. నన్ను ఎన్నడన్న గంత పైలంగ జూసుకున్నడా?"

నడిమిగుట్ట జడ్చర్లకు పన్నెండు మైళ్ళు. బస్సు రోజుకు రెండుసార్లు వస్తుందని బస్సువాళ్ళు నమ్మేవారు. ఊరివాళ్ళ అనుభవం వేరు. ఆ ఊళ్ళో గొర్రెలు ఎక్కువ, మనుషులు తక్కువ. ఎండాకాలం వస్తే మనుషులు మరీ తక్కువ, ఎందుకంటే సగం ఊరు మేస్త్రీల వెంట ఎక్కడెక్కడికో కాలువలు తవ్వడానికి, ఆనకట్టలు కట్టడానికి పోయేది. బడి రెండు గదులు. ఇద్దరు పంతుళ్ళ బడి అని కాగితాల మీద ఉండేది. రెండో పంతులు కాగితం దిగి ఎన్నడూ రాలేదు.

పీర్ మహమ్మద్ పుట్టింది నల్గొండ దగ్గరి ఒక పల్లెలో, దూదేకుల ఇంట్లో. తండ్రి భుజాన విల్లు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, అణిగిపోయిన పరుపుల దూది విప్పి, ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. గుప్పెడు దూదిని గదంతా నిండేలా చేయడం చూస్తూ పెరిగిన కొడుకు పంతులు కావడంలో వింతేమీ లేదు. చేతిలో ఉన్న కొంచెం చదువును ఐదు తరగతులకు సరిపోయేలా ఏకడం ఆయనకు పుట్టుకతోనే వచ్చింది.

ఆ కొంచెం చదువులో ఒక భాగం మిరపకాయ బజ్జీల పుణ్యం. నల్గొండలో పంతుళ్ళ ట్రైనింగు చదువుతున్నప్పుడు, ఒక సాయంత్రం బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితాన్ని ఆయన చదివాడు. ఎవరో రాజు ఒక బండను గుట్ట మీదికి నెట్టుతున్నాడు. తర్వాత ఏమైందో తెలియాలంటే తర్వాతి కాగితం కావాలి. అది కావాలంటే ఇంకో నాలుగు బజ్జీలు తినాలి. మూడు రోజులు అట్లా చదివి కడుపు చెడగొట్టుకుని, చివరికి బండిమీది ముసలమ్మను బతిమాలి మిగిలిన పుస్తకం మొత్తం తెచ్చుకున్నాడు. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, నడుమ నడుమ ఊళ్ళోవాళ్ళు తినేసిన పేజీలు లేవు. గ్రీకు దేశపు పాత కథలను ఎవరో పిల్లల కోసం తెలుగులో రాశారు. ప్రతి కథ చివరా "నీతి" అని ఒక వాక్యం. కొన్ని కథలకు ఆ చివరి పేజీ పోయింది. నీతి నూనెలో తడిసి ఎవరి కడుపులోకో చేరిందన్నమాట. అట్లాంటి కథలకు నీతిని సారే స్వయంగా కల్పించేవాడు.

పండోరా కథ అట్లాంటిదే. దేవుళ్ళు పండోరా అనే ఆడమనిషికి ఒక పెట్టె ఇచ్చి, తెరవవద్దని చెప్పి పంపారు. ఆమె ఆగలేక మూత ఎత్తింది. రోగాలు, ఈర్ష్యలు, అబద్ధాలు, దొంగతనాలు ముసురుకున్న ఈగల్లా లేచి లోకమంతా కమ్ముకున్నాయి. ఆమె భయపడి మూత గబుక్కున మూసింది. "అప్పటికి" అన్న మాటతో ఆ పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ లేదు. అప్పటికి అంతా అయిపోయిందని పీర్ మహమ్మద్ పూర్తి చేసుకున్నాడు. అంతకంటే ఏముంటుంది? ఇచ్చిన పెట్టె తెరవకూడదు, అంతే కథ, అదే నీతి.

మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లల్లో నీతి తగ్గిపోతున్నదని పైన ఎవరికో అనుమానం కలిగింది. పైన తగ్గిందేమోనన్న అనుమానం ఎవరికీ కలగలేదు. ఇకమీదట రోజూ ప్రార్థన కాగానే పిల్లలకు ఒక కథ, ఒక నీతి చెప్పాలి. చెబితే చాలదు, రాయాలి. దానికి నీతి రిజిస్టరు అని పొడుగాటి పుస్తకం ఒకటి పంపారు. అందులో తేదీ, కథ పేరు, నీతి అని మూడు గళ్ళు, ఆ పక్కన "నీతి నేర్చుకున్నవారు" అని పెద్ద గడి. దాని కింద బాలురు, బాలికలు, ఇతరులు, మొత్తం.

ఈ ఇతరులు ఎవరో సారుకు అర్థం కాలేదు. అడుగుతూ ఒక ఉత్తరం రాశాడు. "ఉత్తర్వు చూడుడు" అని జవాబు వచ్చింది. ఉత్తర్వు చూశాడు. అందులో "రిజిస్టరు చూడుడు" అని ఉంది. అప్పటి నుంచి ఆ గడిలో రోజూ ఒక సున్న చుట్టేవాడు. చక్కని గుండ్రని సున్న. దస్తూరి విషయంలో ఆయనకు వంక పెట్టలేం.

కథలు ఎక్కడివి చెప్పాలి? మన కథలు పిల్లలకు ముందే తెలుసు. సారు నోరు తెరవకముందే నీతి చెప్పి కూర్చునేవారు. పైగా రాముడి కథ చెబితే సాయిబు పంతులు చెప్పింది సరిగా లేదని ఒకరు, ప్రవక్తల కథ చెబితే మా పిల్లలకెందుకని ఇంకొకరు. గ్రీకు దేవుళ్ళతో ఆ బాధ లేదు. వాళ్ళకు కులం తెలియదు, మండలంలో ఓట్లు లేవు. వాళ్ళు ఎంత తిక్క పని చేసినా నడిమిగుట్టలో ఎవరికీ మనసు నొచ్చుకోదు. అట్లా మన పంతులు బజ్జీల పుస్తకం బయటికి తీశాడు.

నీతి చెప్పడం సులువే గానీ, వినేవాళ్ళ నోరు మూయించడం కష్టం. సిసిఫస్ అనే రాజు బండ నెట్టే కథ చెప్పిన రోజు, ఆనకట్ట పని నుంచి అప్పుడే తిరిగొచ్చిన కురుమయ్య బడి అరుగు మీద బీడీ కాలుస్తూ వింటున్నాడు. దేవుళ్ళ శాపం వల్ల సిసిఫస్ బండను గుట్ట కొసకు నెట్టుతాడు, అది కిందికి దొర్లుతుంది, మళ్ళీ మొదటి నుంచి నెట్టుతాడు, ఎప్పటికీ అంతే.

"సారూ, ఆయనకు మేస్త్రి ఎవ్వలు?" అన్నాడు కురుమయ్య.

"మేస్త్రి లేడయ్యా. శాపం."

"పీర్ల పండుగకన్న ఇంటికి పంపుతరా?"

"పంపరు."

కురుమయ్య బీడీ బూడిద దులిపాడు. "అయినా నయమే సారూ. బండ దొర్లినంక ఆయన ఉత్త చేతులతోటి దిగుతడు గద. మేము దిగేటప్పుడు గూడ తట్ట నెత్తిమీదనే ఉంటది."

పిల్లలు నవ్వారు. సారు కోపంగా రిజిస్టరు తెరిచి, "శ్రమయే దైవము. బాలురు పంతొమ్మిది, బాలికలు పదకొండు, ఇతరులు సున్న" అని రాశాడు.

ఇంకోసారి టాంటలస్ కథ. దేవుళ్ళకు కోపం తెప్పించి, రొమ్ము దాకా నీళ్ళలో నిలబడి, దాహంతో వంగితే ఆ నీళ్ళు దూరంగా జరిగిపోయే శిక్ష పడ్డవాడు. అది ఏప్రిల్ నెల. బడి కుండ ఎండి వారమైంది. బడి ఊడ్చే ఈదమ్మ, గొర్లకాపరుల ఇంటి ఆడమనిషి, అరవై దాటింది, చీపురు పక్కన పెట్టి వింది.

"గాయిన ఏ ఊరోడు సారూ?"

"గ్రీసు దేశం."

"కాదు లే. మన దిక్కోడే."

సారు నవ్వబోయి ఆగిపోయాడు. కృష్ణ పారేది ఎంతో దూరం కాదు. ఊరి మగవాళ్ళు రెండు తరాలుగా నీళ్ళను ఆపే గోడలు కట్టి వస్తున్నారు. నీళ్ళు మాత్రం ఆ గోడల దగ్గరే ఆగిపోతున్నాయి. "దేవతలను అవమానించరాదు" అని నీతి చెప్పాడు. "మనం ఏం అవమానించినం?" అని ఈదమ్మ అడిగింది. ఆ ప్రశ్న రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

పెట్టె వచ్చింది ఎనభై ఎనిమిదిలో. జడ్చర్ల నుంచి లారీలో, ఇద్దరు మోస్తే గానీ కదలని నల్లటి ఇనుప పెట్టె. పల్లెటూరి బడుల్లో పిల్లలు ఆడుతూ పాడుతూ చదువుకోవాలని సర్కారుకు ఎవరో మంచి సలహా ఇచ్చారు. అందులో నూట నలభై రెండు వస్తువులున్నాయని జాబితా చెప్పింది. గ్లోబు ఒకటి, ఫుట్‌బాల్ ఒకటి, తాళ్ళు నాలుగు, భూతద్దాలు రెండు, అయస్కాంతాలు రెండు, డోలక్ ఒకటి, జంతువుల బొమ్మలు, మిగిలినవన్నీ కథల పుస్తకాలు. జాబితా కింద సన్నటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది. ఏ వస్తువు పోయినా, పాడైనా ప్రధానోపాధ్యాయుడిదే పూచీ.

పీర్ మహమ్మద్ సారుకు నూట నలభై రెండు వస్తువులు కనబడలేదు. ఆ ఒక్క వాక్యమే కనబడింది. అందులో ఆయన్ను మరీ తప్పుపట్టలేం. పక్క మండలంలో బక్కయ్య సారు అని ఒకాయన ఉండేవాడు. పెట్టె వచ్చిన రోజే తెరిచి ఫుట్‌బాల్ పిల్లల మధ్యకు విసిరాడు. సాయంత్రానికి అది తుమ్మముల్లు మీద కూర్చుంది. దాని చావుకు సంజాయిషీలు రాసి రాసి రెండేళ్ళలో బక్కయ్య సారు తల ముగ్గుబుట్ట అయింది. ఆయన్ను చూశాక మండలంలో ఏ పంతులూ పెట్టె తెరవలేదు. ఒకాయన పెట్టె మీద బియ్యం బస్తా పెట్టుకున్నాడు. ఇంకొకాయన దాని మీదే పడుకునేవాడు. మన సారు తాళంచెవి మొలకు కట్టుకున్నాడు.

ఆ వారమే పండోరా కథ చెప్పాడు. ఆ తర్వాత ఏటా బడి తెరవగానే చెప్పేవాడు. చెబుతూ పక్కగదిలో మూలనున్న పెట్టె వైపు వేలు చూపేవాడు. పిల్లలు కళ్ళు పెద్దవి చేసి అటు చూసేవారు. నడిమిగుట్ట బడిలో ఏ కథకూ అంత భయపడి నీతి నేర్చుకోలేదు.

భూగోళం పాఠం మాత్రం ఆగకూడదు కదా. గ్లోబు పెట్టెలో ఉంది కాబట్టి సారు ఏటా ఒక గుమ్మడికాయ తెప్పించి, బొగ్గుతో దాని మీద దేశాలు గీసేవాడు. ఆస్ట్రేలియా రాకముందే తొడిమ వచ్చేది. పాఠం అయ్యాక గుమ్మడికాయను వృథా చేయడం ఇష్టంలేక కోసి పంచేవాడు. తొంభై రెండులో ఆసియా ఖండం మొత్తం ఈదమ్మ ఇంట్లో పులుసైంది. గ్లోబు ఎట్లా ఉంటుందో సారూ ఎన్నడూ చేత్తో పట్టి చూసినవాడు కాదు. చిన్నప్పుడు తన బడిలో అద్దాల బీరువాలో ఒకటి ఉండేది. దానికీ తాళమే. ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డ సంగతి ఆయన హనీఫాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"సారూ, పెట్టె కింద మట్టి లేస్తుంది. చెదలు గావొచ్చు" అని ఈదమ్మ ఏటా వానకాలంలో చెప్పేది.

"ముట్టకు. చుట్టూ ఊడువు, చాలు" అనేవాడు సారు.

ఆమె చుట్టూ ఊడ్చేది. ఎనిమిదేళ్ళు ఊడ్చింది.

తొంభై ఆరు జూలై ఆఖరి రోజుకు సారుకు యాభై ఎనిమిది నిండాయి. నౌకరీ వదిలే పంతులు బడి సామాను మొత్తం తర్వాత వచ్చేవాళ్ళకు జాబితా ప్రకారం అప్పగించి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. ఆ కాగితం పైకి పోతేనే పింఛను కదులుతుంది. పింఛను తప్ప ఆ ముసలి దంపతులకు వేరే ఆధారం లేదు. పిల్లలు లేరు, పొలం లేదు, నల్గొండలో అక్క ఇంటి పక్కన ఒక గది తప్ప నీడ లేదు. పెట్టెను తెరవకుండా చేతులు మార్చడం మండలంలో అప్పటికే ఆచారమైపోయింది. ఇచ్చేవాళ్ళు అడగరు, పుచ్చుకునేవాళ్ళు చూడరు, సంతకం పడుతుంది, అందరూ క్షేమం. సారు నమ్ముకున్నది దాన్నే.

పుచ్చుకోవడానికి వచ్చిన పిల్ల పేరు గోవిందమ్మ. నల్గొండ పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, మొదటి నౌకరీ. నిన్ననే దిగింది. చేతిసంచిలో నియామకపు కాగితాన్ని గంటకోసారి తీసి, ఉందో లేదో చూసుకుంటున్నది. సారు ఆఖరిసారి ప్రార్థన చేయించి, ఆఖరి కథగా పండోరానే చెప్పాడు. ముప్పై నలుగురు పిల్లలు పక్కగది వైపు చూసి భయపడ్డారు. వాళ్ళతో పాటు గోవిందమ్మ కూడా నిలబడి వింది.

తర్వాత పక్కగదిలో కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. ఈదమ్మ గడప దగ్గర ఊడుస్తున్నది.

"ఇక్కడ సంతకం పెట్టు బిడ్డా. నూట నలభై రెండు వస్తువులు ముట్టినయని."

"తెరిచి చూసేది లేదా సార్?"

"పొద్దున కథ వినలేదా?"

గోవిందమ్మ నవ్వింది. సంతకం పెట్టింది. కలం మూత బిగిస్తూ, మాటవరసకు అన్నట్టు అడిగింది.

"మరి కథ ఆఖరుది చెప్పలేదేంది సార్? పిల్లలు చిన్నోళ్ళనా?"

"ఏ ఆఖరుది?"

"ఆమె మూత మూసినంక పెట్టెల ఒకటి మిగిలింది గద. ఆశ. మా తొమ్మిదో తరగతిల ఇంగ్లీషు సార్ చెప్పిండు. చెడ్డయి అన్నీ ఎగిరిపోయినయి, ఆశ ఒక్కటే అడుగుల ఉండిపోయింది అని."

సారుకు బజ్జీల పుస్తకంలో లేని పేజీ గుర్తుకొచ్చింది. నలభై ఏళ్ళ కింద నల్గొండలో ఎవరో ఒక పెద్దమనిషి బజ్జీలు తిని, ఆ పేజీకి చేతులు తుడుచుకుని పారేశాడు. ఆ పేజీ లేక తాను ఎన్ని తరగతులకు, ఎంతమంది పిల్లలకు సగం కథ చెప్పాడో లెక్క వేయబోయి, భయమేసి మానేశాడు.

గడప దగ్గర చీపురు ఆగింది. "గా ఆశ మంచిదే అయితే చెడ్డయాటితోటి కలిపి పెట్టెల ఎందుకు మూసిండ్రు సారూ?" అంది ఈదమ్మ. "పెట్టెను ఉత్తగ పెట్టుకునేతందుకు ఇచ్చిండ్రా?"

సారు మొలతాడు ముడి విప్పి తాళంచెవి గోవిందమ్మ చేతిలో పెట్టాడు. ఎనిమిదేళ్ళ తర్వాత నడుము తేలికైంది. ఆ పిల్ల దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చుట్టూ చూసి, మెడలోని సన్నటి గొలుసు తీసి, దానికి గుచ్చి, మళ్ళీ మెడలో వేసుకుంది. తాళంచెవి రవికె మీద వేలాడింది.

"నాకు రిటైరు గావాలంటే ఇంక ముప్పై నాలుగేండ్లున్నయి సార్. ఫికర్ చెయ్యకుండ్రి, పైలంగ జూసుకుంట" అంది. నిజంగానే అంది, ఎగతాళికి కాదు.

పీర్ మహమ్మద్ సారు ఆ మెడ వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్ళు. ఇప్పుడు బయట నిలబడ్డ పిల్లల పిల్లలు కూడా వచ్చి, భయపడి, నీతి నేర్చుకుని పోతారు. ఆయనకు సిగ్గేసింది. ఎప్పుడూ ఎవరి ముందూ పడనంత సిగ్గు. చేతిలో సంతకం పెట్టిన కాగితం ఉంది, సిరా ఇంకా ఆరలేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటే ఆయన పని అయిపోయింది. ఇప్పుడు పెట్టె తెరిచి అందులో ఏదన్నా చెడి ఉంటే, ఆ సంతకం ప్రకారం పూచీ ఈ పిల్లది. తెరవకపోతే పూచీ ఎవరిదీ కాదు. ఎంత చక్కటి ఏర్పాటు!

ఆయన కాగితాన్ని రెండుగా చించాడు. తర్వాత నాలుగుగా చించాడు.

"సార్, పింఛను..." అంది గోవిందమ్మ.

"తాళంచెవి ఇటియ్యి బిడ్డా. పిల్లలను పిలువు."

ఇక్కడ జరిగిన సంగతి చెబితే పీర్ మహమ్మద్ సారుకు కోపం వస్తుంది గానీ, చెప్పక తప్పదు. ఎనిమిదేళ్ళు నిద్రలో కూడా ఒంటిమీద ఉంచుకుని, రాసుకుని రాసుకుని వెండిలా మెరిసే ఆ తాళంచెవి, తాళంలో తిరగలేదు. తాళం లోపల ఎప్పుడో తుప్పుపట్టి ముద్దయింది. చెవిని కాపాడినవాడు తాళం సంగతి మరిచాడు. చివరికి కురుమయ్య గడ్డపార తెచ్చి ఒక్క పోటు పొడిచాడు.

మూత లేచింది. ముందు వాసన వచ్చింది. తర్వాత బొద్దింకలు. పదులు కాదు, వందలు, గోడల మీదికి, కాళ్ళ మీదికి, గోవిందమ్మ చీర అంచు మీదికి. పిల్లలు కిటికీ దాకా వెనక్కి పోయారు. పొద్దున్నే కథ విన్నవాళ్ళు కదా.

"సార్, రోగాలంటె గివ్వేనా?" అని రెండో తరగతి పిల్ల ఒకతి అడిగింది.

పెట్టె అడుగుకు తుప్పుతో చిల్లులు పడ్డాయి. వాటిలోంచి చెదలు ఎక్కాయి. కథల పుస్తకాలన్నీ కలిసి ఒక్క మట్టిగడ్డ అయ్యాయి. డోలక్‌కు తోలు లేదు. ఫుట్‌బాల్ ఎండి ముడుచుకుని, ఎవరూ ఒక్క తన్నూ తన్నకుండానే చచ్చిపోయింది. తాళ్ళు పట్టుకుంటే పొడి రాలింది, అయస్కాంతాలు తుప్పుముద్దలయ్యాయి. గోవిందమ్మ జాబితా చదువుతూ ఒక్కొక్క వస్తువు పేరు పిలుస్తుంటే, సారు మట్టి తోడుతూ "లేదు" అని చెబుతున్నాడు. నూట ముప్పై దాటాక తల అడ్డంగా ఊపుతున్నాడు.

అడుగున మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఏదో గుండ్రంగా తగిలింది. దాని పక్కనే భూతద్దాలు రెండు.

గ్లోబు రేకుది. ఒక పక్క సముద్రం మీద కొంచెం తుప్పు తప్ప ఏ దేశానికీ దెబ్బ తగల్లేదు. పీర్ మహమ్మద్ సారు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. వేలితో తోస్తే తిరిగింది. ఇంకోసారి తోశాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పిల్లల ముందు కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి ఆడుకున్నాడు. తర్వాత కిందికి దించి పిల్లల మధ్యన పెట్టాడు.

"ఇది మీది. ఎనిమిదేండ్ల కిందనే ఇయ్యవలసింది. తప్పు నాది" అన్నాడు.

పిల్లలు ముట్టడానికి భయపడ్డారు. మొదట ముట్టింది ఈదమ్మ. వంగి, కళ్ళు చికిలించి చూసింది.

"గీ నీలంది ఏంది సారూ?"

"నీళ్ళు."

"మొత్తమా?"

"మొత్తం."

ఈదమ్మ గ్లోబును చుట్టూ తిప్పి, మళ్ళీ తిప్పి, నిటారుగా నిలబడింది. "గిన్ని నీళ్ళు పెట్టుకోని మన కుండకు లేకపాయె" అంది. కురుమయ్య తాను పని చేసిన ఆనకట్టలన్నీ చూపించమన్నాడు. అవి కనబడలేదు. నడిమిగుట్ట కూడా కనబడలేదు. భూతద్దం పెట్టి వెతికినా కనబడలేదు. అయినా పిల్లలు సాయంత్రం దాకా వెతికారు, గంట కొట్టినా ఇంటికి పోలేదు.

అప్పగింత కాగితం మళ్ళీ రాశారు. చేరినవి మూడు, చెడినవి నూట ముప్పై తొమ్మిది. దాని మీద గోవిందమ్మ చేత సంతకం పెట్టించి, తన పేరు కింద పూచీ రాసుకుని, సారు నల్గొండ వెళ్ళిపోయాడు. పింఛనుకు బదులు మెమో వచ్చింది. వస్తువులు ఎందుకు పాడయ్యాయని అందులో అడగలేదు. పెట్టె ఎవరి అనుమతితో తెరిచారని అడిగారు. తెరవకపోతే ఇదంతా జరిగేది కాదు కదా అని కూడా రాశారు. ఆ మాట నిజమే. తెరవనంతకాలం ఆ పెట్టెలో నూట నలభై రెండు వస్తువులూ క్షేమంగా ఉన్నాయి.

పద్నాలుగు నెలలు పింఛను ఆగింది. సారు అటక మీది నుంచి తండ్రి విల్లు దించి, నారి కొత్తది కట్టి, వీధుల్లో పరుపులు ఏకడానికి బయలుదేరాడు. పంతులు చేసిన మనిషి ఇదేం పనని అక్క ఏడ్చింది. హనీఫా మాత్రం ఏడవలేదు.

"మొలకున్న తాళంచెవి పోయింది. ఇగ నిమ్మలంగ పండుకుంటుండు" అంది.

తర్వాతి ఏడాది సెప్టెంబరులో విచారణకు ఒక ఆఫీసరు జీపులో నడిమిగుట్టకు వచ్చాడు. పీర్ మహమ్మద్ సారును కూడా రమ్మన్నారు. చొక్కా మీద దూది పీచులతో వచ్చి నిలబడ్డాడు. బడిలో పాఠం జరుగుతున్నది. ఏడాదిగా చేతులు మారి మారి గ్లోబు మీద రంగు వెలిసింది, ఆఫ్రికా దగ్గర చిన్న సొట్ట పడింది. ఆఫీసరు సొట్ట చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇది విచారణలో ఉన్న వస్తువు. బయటెట్ల పెట్టారమ్మా? పెట్టెలో పెట్టి తాళం వేయండి."

"తాళం పగిలింది సార్. కొత్త తాళం మంజూరు కావాలె" అంది గోవిందమ్మ, తల వంచుకుని.

ఆఫీసరు తాళం మంజూరు గురించి రాసుకున్నాడు. అది మంజూరయ్యేదాకా గ్లోబు బయటే ఉండవచ్చని తీర్మానించాడు. ఆ తాళం నాకు తెలిసినంతలో ఇంకా రాలేదు.

తర్వాత రిజిస్టర్లు అడిగాడు. హాజరు పట్టీ చూశాడు, సరిగా ఉంది. నీతి రిజిస్టరు తిప్పాడు. పదేళ్ళ సున్నలు, పేజీ తర్వాత పేజీ, చక్కగా, గుండ్రంగా. ముప్పై ఒకటి జూలై తొంభై ఆరు దగ్గర వేలు ఆగింది. కథ పేరు, "పండోరా, పూర్తిగా." నీతి గడిలో, "పెట్టె పిల్లలది." బాలురు సున్న. బాలికలు సున్న. ఇతరులు ఒకటి.

"పిల్లలు ఒక్కరూ నేర్చుకోలేదా?"

"వాళ్ళకు గీ సంగతి ముందే తెలుసు సార్" అన్నాడు పీర్ మహమ్మద్.

"మరి ఈ ఇతరులెవరు?"

"నేను సార్."

ఆఫీసరు ఆయన చొక్కా మీది దూది పీచులను చూశాడు. మళ్ళీ రిజిస్టరు వైపు తిరిగి, సున్న, సున్న, ఒకటి కూడాడు. మొత్తం గడిలో ఒకటి ఉంది. లెక్క సరిపోయింది కాబట్టి కింద సంతకం పెట్టాడు.